గొంతు బొమ్మలో ఇద్దరు

ఆ బొమ్మలో కోతి కొబ్బరిచెట్టు ఎక్కే తీరు పెద్దతల్లికి మొదటిరోజు నుంచీ నచ్చలేదు. ఉద్దానంలో పుట్టి, కొబ్బరితోటల్లోనే జుట్టు నెరిసిన మనిషి ఆవిడ. ఏ చెట్టుకి గెల ఎటు దిగుతుందో కళ్ళు మూసుకుని చెబుతుంది. ఈ కంప్యూటరు చెట్టుకి చూడబోతే కాయలు ఎక్కడ పడితే అక్కడ అతికించినట్టున్నాయి. కోతి అయితే మాను పట్టుకోకుండానే పైకి పోతోంది.

"ఇదేటి టీచరమ్మా, ఈ కోతి సెట్టు అట్టుకోకండానే ఎక్కిపోతన్నాది?"

నాగసుధ టీచరు నవ్వింది. "చేతులతో కాదు మామ్మా, గొంతుతో ఎక్కుతుంది. మీ తనూజ ఎంతసేపు గొంతు తీస్తే అంతసేపు ఎక్కుతుంది. ఊరుకుంటే దిగిపోతుంది."

తనూజ పెద్దతల్లికి కూతురి కూతురు. తొంభైతొమ్మిది పెద్ద తుఫానుకి నెల ముందు పుట్టింది. ఇంటి కప్పు ఎగిరిపోయిన హోరులో కూడా ఉలిక్కిపడకుండా నిద్రపోయిన పసిగుడ్డుని చూసి, ఎంత నెమ్మదైన పిల్లో అని అందరూ మురిసిపోయారు. ఏడాదిన్నర దాటాక గానీ తెలియలేదు, ఆ నెమ్మది ఏమిటో. రెండు చెవులూ వినపడవు. మెడలో తాడుకి వేలాడే చెవిమిషను పెట్టాక డప్పుకీ, బస్సు హారనుకీ తల తిప్పుతుంది. అంతకు మించి లేదు. వినని పిల్లకి మాట ఎక్కడి నుంచి వస్తుంది?

తల్లి మాధవీలత, తండ్రి ఢిల్లీబాబు పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తారు. రోడ్డు పక్కన ఒక్క గది అద్దె ఇల్లు. వెనక లారీ వచ్చినా వినపడని పిల్లని అక్కడ ఎవరు కాస్తారని, మూడో ఏట నుంచీ పెద్దతల్లే తన దగ్గర ఉంచుకుంది. తోటలో తనూజ ఎటు వెళ్తే అటు ఆవిడ కళ్ళు వెళ్ళేవి. పిలిస్తే వచ్చే పిల్ల కాదు కదా, కళ్ళతోనే కట్టేసుకోవాలి.

టెక్కలిలో ఒక సందులో, మేడ మీద, వినపడని పిల్లలకి మాటలు నేర్పే కేంద్రం పెట్టారని విని, రెండువేల ఆరులో మాఘమాసం రాగానే చేర్పించింది. మంగళవారం, శుక్రవారం పాఠం. ఊళ్ళో ఎల్లాజీ ఆటో ఎక్కి పలాస, పలాసలో బస్సెక్కి టెక్కలి. సంచిలో ఇద్దరికీ అన్నం, ఒక సీసా నీళ్ళు.

కోతి ఆట అయ్యాక అసలు పాఠం మొదలయ్యేది. తెర మీద అడ్డంగా సన్నటి గీత ఉండేది, బట్టలారేసే తీగలా. టీచరు ఒక మీట నొక్కి, మైకు దగ్గర "అమ్మమ్మ" అనేది. ఆ గీత పైకీ కిందికీ ఉబ్బి, బొమ్మయి అక్కడే నిలిచిపోయేది. దాని కింద ఇంకో ఖాళీ గీత. అది తనూజది. పై బొమ్మని చూస్తూ, అలాంటిదే కింద తన గొంతుతో గీయాలి.

"చెవులతో విననిదాన్ని కళ్ళతో చూపిస్తున్నామన్నమాట," అంది టీచరు.

పెద్దతల్లికి అర్థమైనట్టే ఉంది, అర్థం కానట్టే ఉంది. ఆవిడ బడి గుమ్మం ఎక్కలేదు. బెల్లం పొట్లాల కాగితాలూ, బస్సుల నుదుట ఊళ్ళ పేర్లూ కూడబలుక్కుంటూ తనంతట తనే చదువు పట్టుకుంది. అందుకని ఏ రాత కనబడ్డా వదలదు. ఇదీ ఒక రాతే అయి ఉంటుందని, వెనక బెంచీ మీద కూర్చుని ఆ బొమ్మల్నే చదవబోయేది. నెల రోజులకి ఒకటి దొరికింది. నోరు తెరిచిన చోట బుడిపె, పెదాలు మూసిన చోట మెడ. "అమ్మమ్మ" అంటే మూడు బుడిపెలు, నడుమ రెండు సన్నటి మెడలు. ఎండిన సొరబుర్రలు మూడు వరసగా తాడుకి గుచ్చినట్టు.

"మరి ఇందులో నానెక్కడున్నాను టీచరమ్మా?" అని అడిగింది.

"మీరెందుకుంటారు మామ్మా?"

"అమ్మమ్మంటే నానే కదేటి?"

టీచరు తెర మీది బొమ్మ చూపించింది. "ఇందులో శబ్దమే ఉంటుంది మామ్మా. మనిషి ఉండరు."

అదీ నిజమే కాబోలు అనుకుంది. కింద సందులో లారీ హారను కొట్టినా గీత ఉబ్బేది. ఫ్యాను తిరిగితే గీతకి నూగు మొలిచేది. తను దగ్గితే ఇంత లావు బుడిపె. మిషనుకి మనుషులతో పని లేదు, చప్పుడైతే చాలు, గీసేస్తుంది.

తిరిగి వెళ్ళేటప్పుడు ఈ సంగతి చెబితే ఎల్లాజీ ఆటో దాదాపు రోడ్డు దింపేశాడు.

"సప్పుడు కనబడతాదేటత్తా! మరి మీ ఇంటి ఎండుసేపల కూర వాసన కనబడదేటి, కంపూటర్లో?"

"నీ ఆటో సప్పుడు గీత్తే ఆ టీవీ బద్దలైపోద్ది. ముందు సూసి తోలు."

తనూజ ఇద్దరి మూతులూ చూసి, తనూ నవ్వింది. చప్పుడు లేని నవ్వు.

చైత్రం వచ్చేసరికి కోతి సగం చెట్టు దాకా ఎక్కింది. అప్పుడు చెప్పింది టీచరు అసలు సంగతి.

"విశాఖపట్నంలో ఒక స్కూలుంది మామ్మా. ఇలాంటి కంప్యూటర్లు పది ఉన్నాయి అక్కడ. పదో తరగతి దాకా చదువు. మాట వచ్చిన పిల్లలు బయట ఉద్యోగాలు కూడా చేస్తున్నారు. జూన్‌లో చేర్చుకుంటారు. కాకపోతే గొంతు తీసి బొమ్మని అనుసరించే పిల్లలనే తీసుకుంటారు. ఏడేళ్ళు దాటితే తీసుకోరు. మనకి ఇదే ఆఖరు."

"రోజూ ఇసాపట్నం ఎలాగెల్తాదమ్మా?"

"హాస్టలు మామ్మా. అక్కడే ఉంటుంది. సెలవులకి వస్తుంది."

పెద్దతల్లి సంచిలోంచి నీళ్ళ సీసా తీసి, మూత విప్పి, తాగకుండానే మళ్ళీ మూత పెట్టింది.

ఆవిడకి వెళ్ళిపోయే మనుషులంటే భయం. ఆ భయం ఇవాళ్టిది కాదు. ఆవిడ పెనిమిటి అసిరయ్య బొంబాయిలో మేడలు కట్టే పనికని తెల్లవారకుండా బయల్దేరాడు. వీధి చివరికి వెళ్ళిపోయాక, అరుగు మీద అన్నం మూట కనబడింది. మరిచిపోయాడు. పిలుద్దామని నోరు తెరిచింది. బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదు. పిలిస్తే ఆ ప్రయాణం చెడుతుంది. పిలుపు విన్న మనిషి వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి గానీ మళ్ళీ గడప దాటకూడదు. రైలుబండి దాటిపోతుందేమోనని, ఎందుకొచ్చిన అపశకునమని, తెరిచిన నోరు మూసేసుకుంది. మూట పట్టుకుని వెనకాలే పరిగెత్తింది. అప్పటికే బస్సు కదిలిపోయింది. ఆ మూట అలాగే ఇంటికి తెచ్చింది. మనిషి మాత్రం తిరిగి రాలేదు. నాలుగు నెలలకి అక్కడ జ్వరంతో పోయాడని ఉత్తరం వచ్చింది. ఇరవై రెండేళ్ళైంది. పిలిచి ఉంటే ఆ రోజు బండి తప్పేదా, బండి తప్పితే మనిషి దక్కేవాడా అని ఆవిడ ఇప్పటికీ లెక్క తేల్చుకోలేకపోతోంది.

ఇప్పుడు ఇది. పిల్లకి మాట రావాలని ఊరి అమ్మవారికి మొక్కుకుని ఉంది. మాట వస్తే పిల్ల వెళ్ళిపోతుంది. మొక్కు తీర్చమని అడగాలో, వెనక్కి ఇచ్చేయమనాలో తెలియక, గుడి ముందు నుంచి వెళ్ళేటప్పుడు మొహం పక్కకి తిప్పుకునేది.

వైశాఖంలో ఒక మంగళవారం ఆ బొమ్మ వచ్చింది.

టీచరు నేర్పిన పద్ధతి ఒకటుంది. పిల్ల కుడిచెయ్యి పెద్దవాళ్ళ గొంతు మీద, ఎడమచెయ్యి తన గొంతు మీద. పెద్దవాళ్ళ గొంతు అదిరితే, తనదీ అలాగే అదరాలి. ఇంట్లో కల్లాపి చల్లి వచ్చినా, కొబ్బరి మట్టలు అల్లుతున్నా, తనూజ చెయ్యి వచ్చి పెద్దతల్లి గొంతు మీద పడేది. ఆ రోజు టీచరుకి ఫోను వచ్చింది. మీట నొక్కి ఉంచి, "మీరు చేయించండి మామ్మా, వస్తున్నా" అని బయటికి వెళ్ళింది. పెద్దతల్లి కుర్చీ లాక్కుని పిల్ల పక్కన కూర్చుంది. తనూజ చెయ్యి వచ్చి గొంతు మీద పడింది. ఇద్దరూ పై బొమ్మనే చూస్తున్నారు. పెద్దతల్లి ఎప్పటిలాగే పెదాలు కదిపింది.

కింది గీత ఉబ్బింది. ఒక బుడిపె. మెడ. బుడిపె. మెడ. బుడిపె.

టీచరు గుమ్మంలోనే ఆగిపోయింది. "అమ్మాయీ!" అని ఒక్క పరుగున వచ్చి తనూజని ఎత్తుకుని గిరగిరా తిప్పింది. ఆ బొమ్మని కంప్యూటరులో దాచింది, కాగితం మీద అచ్చు తీసింది, కవరులో పెట్టి ఆ సాయంత్రమే విశాఖపట్నం పంపింది. పదిహేను రోజుల్లో సీటు ఇచ్చినట్టు ఉత్తరం వచ్చింది. జూన్ పన్నెండున చేరాలి.

అందరూ సంబరపడుతుంటే పెద్దతల్లికి మాత్రం ఒక ముల్లు దిగబడింది. ఆ రోజు తను పెదాలే కదిపిందా, గొంతు కూడా పైకి వచ్చిందా?

గుర్తు చేసుకుంటే పెదాలే అనిపించేది. ఇంకాసేపటికి, గొంతులో "మ్మ" అని అదురు తగిలినట్టూ అనిపించేది. తన చెయ్యి అప్పుడు తనూజ వీపు మీద ఉంది. ఆ వీపు అదిరిందా? అదిరింది. కాదు, ఫ్యాను గాలికి గౌను కదిలింది. తోటలో పిల్లని ఎదురుగా కూర్చోబెట్టి, ఇసకలో వేలితో మూడు బుడిపెలు గీసి చూపించేది. తనూజ నోరు తెరిచేది. ఒక్కోసారి "బ" లాంటిది ఏదో, ఒక్కోసారి గాలి. ఎన్నడూ మూడు రాలేదు. వేలు గొంతు మీద పెట్టించుకుని, తను అంటే గానీ పిల్ల అనడం లేదు. ఇద్దరూ అంటే ఎవరు అన్నారో తెలియడం లేదు.

చప్పుడు ఎవరిదైతేనేం, గీసేస్తుంది ఆ మిషను. తన గొంతునే పిల్ల గొంతని గీసేసి ఉంటే? తన గొంతు చూసి వాళ్ళు పిల్లకి సీటిచ్చారు. అక్కడికి వెళ్ళాక, పక్కన అమ్మమ్మ లేనప్పుడు, పిల్ల నోట ఏమీ రాకపోతే? కొత్త మనుషుల మధ్య, అడగను రాక, చెప్పను రాక, ఆకలేస్తే ఎవరి గొంతు మీద చెయ్యి వేస్తుంది?

పలాస వెళ్ళి కూతురికి చెప్పింది. మాధవీలత అప్పుడే పని దిగి వచ్చింది. జీడిరసానికి నల్లబడ్డ వేళ్ళకి కొబ్బరినూనె పట్టించుకుంటోంది.

"మాధవీ, ఆ బొమ్మ మన గుంట తనూజది కాదేమోనే. నాదేమో."

"ఏటీ?"

"నాను పక్కనున్నాను కదా. నా గొంతు పడిపోనాదేమో అందులో."

మాధవీలత తల్లి మొహంలోకి తేరి చూసింది. "నీకు గుంటని పంపడం ఇష్టం నేదు. అదీ సంగతి. అది సెప్పుకోనేక కంపూటరు మీద పెడతన్నావు."

"ఇష్టం నేకపోతే ఈ ఎండల్లో వారానికి రెండేసి సార్లు టెక్కలి ఎందుకు తిరుగుతానే?"

"అదే నాకూ తెల్దు. దానికి మాట రావాల, అది నిన్నొగ్గి ఎల్లకూడదు. రెండూ కావాల నీకు." నూనె చేతులు చీరకి తుడుచుకుంది. "నాకు లేదేటి అమ్మా బాధ? కన్నదాన్ని నాను. నాలుగేళ్ళై ఆదివారం ఆదివారం సూసి వత్తన్నాను. ఈ సేతుల్తో అదీ జీడిపిక్కలు కొట్టుకోవాలంటావా? సీటొచ్చింది. నోరు మూసుకుని ఊరుకో."

పెద్దతల్లి ఆటోలో దారి పొడుగునా ఆ మాటే నమిలింది. కూతురన్నది అబద్ధమని గట్టిగా అనలేకపోయింది. నిజం చెబితే పిల్ల తన దగ్గర ఉండిపోతుంది. అందుకే నిజం చెప్పాలనిపిస్తోందా? చెప్పకపోతే పిల్ల వెళ్ళిపోతుంది. అలాంటప్పుడు చెప్పకపోవడమే మంచితనమా? నిజం చెబితే స్వార్థం, దాచిపెడితే మోసం. ఇలాంటి ముడి ఆవిడ జీవితంలో చూడలేదు.

"ఏటత్తా, ఇవేల కోతి ఎక్కనేదేటి, మొహం అలగున్నాది?" అన్నాడు ఎల్లాజీ.

"ఎక్కింది కోతో నానో తెల్దురా బాబూ," అంది. వాడికేం అర్థమైందో, ఆ పూట ఆటో నెమ్మదిగా తోలాడు.

జూన్ రెండో తారీకు శుక్రవారం. మేడమెట్లు ఎక్కుతూనే చెప్పేసింది, ఆలస్యమైతే మనసు మారిపోతుందని.

"టీచరమ్మా, ఆ బొమ్మ గీసింది నానేమో."

నాగసుధ మొదట నవ్వింది. తర్వాత ఆవిడ మొహం చూసి నవ్వు ఆపేసింది. కంప్యూటరు తెరిచి, దాచిన బొమ్మ పైకి తెచ్చింది. మూడు బుడిపెలు. "వినిపిస్తానుండండి. దీన్లో శబ్దం కూడా ఉంటుంది, ఆ రోజు సంబరంలో నేను వినలేదు."

స్పీకరులోంచి ఒక గొంతు వచ్చింది. ఎవరో ముసలిది, ముక్కుతో మూలిగినట్టు, సన్నగా.

"ఇదెవర్తమ్మా?" అంది పెద్దతల్లి.

"మీరే మామ్మా." టీచరు మొహం పాలిపోయింది. "ఇది మీ గొంతే."

"నా గొంతు ఇలగుంటాదేటి?"

అరవై ఏళ్ళుగా లోకమంతా వింటున్నది ఈ గొంతేనా? తను లోపల వినే గొంతు లావుగా, నిండుగా ఉంటుంది కదా. అసిరయ్య విన్నది ఏ గొంతు? పిల్ల సంగతి అడగడానికి వచ్చి, తనే తప్పిపోయినట్టు కూర్చుండిపోయింది.

టీచరు మళ్ళీ వినిపించింది. స్పీకరుకి చెవి ఆనించి ఇంకోసారి. "ఆగండి," అంది. బొమ్మ చివర్ని పెద్దది చేసింది. "మీ గొంతు ఇక్కడ అయిపోయింది. అయినా గీత అణగలేదు చూడండి. ఇంకేదో సాగింది. ఈ మెడలో కూడా, మీరు పెదాలు మూసినప్పుడు, వేరే అదురుంది." ఈసారి చాలా సేపు వింది. "ఇందులో ఇద్దరున్నారు మామ్మా."

"అయితే ఇడదీసి సూపించండి. ఏది నాదో, ఏది గుంటదో."

"కలిసిపోయిన గొంతుల్ని విడదీయడం ఈ మిషనుకి రాదు మామ్మా."

ఎందుకో గానీ, ఆ మిషను మీద పెద్దతల్లికి అప్పుడు మొదటిసారి మంచి అభిప్రాయం కలిగింది.

అయితే దానితో ముడి వీడలేదు. టీచరుకి ఇప్పుడు భయం పట్టుకుంది. తను పంపిన కాగితం తప్పు కాగితం. "మళ్ళీ తీద్దాం. మీరు వరండాలో కూర్చోండి. పిల్లని ఒక్కదాన్నీ చూద్దాం."

వరండాలో కూర్చుంది. అరగంటైనా లోపల గీత కదలలేదు. తనూజ కోతిని చూడలేదు, మైకుని చూడలేదు, గుమ్మం వైపే చూస్తూ నోరు బిగించుకుని కూర్చుంది. పెద్దతల్లి లేచి మెట్ల మీదికి వెళ్ళి కూర్చుంది. అయినా అంతే.

"మీరు ఇక్కడే ఉన్నారని దానికి తెలుసు," అంది టీచరు. "నిజంగా వెళ్ళండి. సందు చివరిదాకా. కిటికీలోంచి అది చూసేటట్టు వెళ్ళండి."

"ఒగ్గేసి ఎల్లమంటారేటి?"

"అయిదు నిమిషాలు మామ్మా. అక్కడ ఉండబోయేది ఏడాదికి పది నెలలు."

పెద్దతల్లి మెట్లు దిగింది. మిట్టమధ్యాహ్నం. సందులో ఎండ తారు వాసన కొడుతోంది. ఒక్కో అడుగూ వేస్తుంటే ఆవిడ మనసు రెండు పాయలైంది. పిల్ల గొంతు రాకూడదు, వస్తే వెళ్ళిపోతుంది అని ఒకటి. రాకపోతే దాని బతుకేం కాను అని ఇంకొకటి. ఏది తను, ఏది కాదో పోల్చుకోలేకపోయింది. సంచి భుజానికి సర్దుకోబోయింది. భుజాన సంచి లేదు. బెంచీ మీదే మరిచిపోయింది. అన్నం, నీళ్ళు, తిరుగు బస్సుకి డబ్బులు, అన్నీ అందులోనే.

సరిగ్గా అప్పుడు వెనక నుంచి పిలుపు వచ్చింది.

అది మాట కాదు. దూడ అరుపు కాదు, ఏడుపు కాదు. పొట్టలోంచి, గొంతు చీల్చుకుని, పొడుగ్గా, కరుగ్గా వచ్చిన చప్పుడు. సైకిలు మీద వెళ్తున్నవాడు కాలు కింద పెట్టి పైకి చూశాడు. టీకొట్టు ముందు కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. పెద్దతల్లి మాత్రం తిరగలేదు. ఇరవై రెండేళ్ళుగా తను నోట్లోనే మూసేసుకున్న పిలుపు ఎవరో తన వెనక తీసినట్టనిపించింది. బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. ఎలా చెబుతారు, వినపడదు కదా.

మళ్ళీ వచ్చింది పిలుపు. తిరిగి చూసింది. మేడమీద కిటికీలో తనూజ. ఒక చేత్తో ఊచ పట్టుకుంది. రెండో చేత్తో సంచి పైకెత్తి ఊపుతోంది.

మెట్లు ఎక్కేసరికి ఊపిరాడలేదు. తనూజ పరుగున వచ్చి సంచి చేతిలో పెట్టి, అంతే మామూలుగా కోతి దగ్గరికి వెళ్ళిపోయింది. వదిలేసి వెళ్తోందని పిలిచిందో, సంచి మరిచిపోయిందని పిలిచిందో, ఆ మొహం చూస్తే ఏమీ తెలియలేదు.

టీచరు మాత్రం తెర ముందు నిలబడి ఉంది. మైకు కిటికీ పక్క బల్ల మీదే ఉంది, మీట నొక్కే ఉంది. కింది గీతలో పెద్ద బొమ్మ. బుడిపెలు లేవు, మెడలు లేవు. పై అంచు నుంచి కింది అంచు దాకా నిండిపోయిన ఒకే ఒక దిమ్మ, కొసన చిరిగినట్టు. పక్కన అలాంటిదే ఇంకొకటి.

"ఇదేటిది? అమ్మమ్మేనా?" అంది పెద్దతల్లి. ఎంత కూడబలుక్కున్నా ఆ రాత చదవడం ఆవిడ వల్ల కాలేదు.

"తెలీదు మామ్మా. మాటైతే కాదు." టీచరు కళ్ళు తుడుచుకుంది. "కానీ ఇది తనది. ఒక్కదానిది. పాత బొమ్మ పొరపాటున వెళ్ళిందని రాసి ఇది పంపిస్తాను. ఇంత గొంతున్న పిల్లని వాళ్ళు కాదనరు."

"కాదంటే?"

"కాదంటే మీ దగ్గరే ఉంటుంది."

పెద్దతల్లి బెంచీ మీద కూర్చుంది. వెనక పిలుపు విన్న మనిషి కూర్చోవాలి, మంచినీళ్ళు తాగాలి. సంచిలోంచి సీసా తీసి తాగింది. తనూజ వచ్చి ఎప్పటిలాగే చెయ్యి ఆవిడ గొంతు మీద వేసింది. నీళ్ళు దిగుతుంటే వేళ్ళ కింద గుటక కదిలి, పిల్లకి నవ్వొచ్చింది. పెద్దతల్లి ఆ చెయ్యి కాసేపు ఉండనిచ్చింది. తర్వాత మెల్లగా తీసి, పిల్ల గొంతు మీదే పెట్టింది. చెయ్యి తిరిగి వచ్చింది. మళ్ళీ తీసి పెట్టింది.

"టీచరమ్మా, ఉన్నదున్నట్టు రాయండి. కాదంటే నా దగ్గరుంటాదని మాత్రం రాయకండి. పన్నెండో తారీకున వత్తామని రాయండి," అంది. గొంతు వణికింది. ఏ గొంతో, లోపల వినపడేదో, స్పీకరులోదో. "ఆ బొమ్మ నాకొకటి అచ్చు తీసివ్వండి."

ప్రింటరు గరగరమని కాగితం వదిలింది. పెద్దతల్లి దాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ఏ పక్క పైకి అట్టుకోవాల?"

"తలకిందులుగా పట్టుకున్నా ఇంచుమించు అలాగే ఉంటుంది మామ్మా."

కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. మెట్ల దగ్గర ఆగి, తనూజని ముందు నడవమంది. బస్సు స్టాండు దాకా పిల్ల ముందు, తను వెనక. సందు మలుపులో తనూజ రెండడుగులు దూరం వెళ్ళిపోతే, వినపడదని తెలిసి కూడా పెద్దతల్లి నోరు తెరిచింది.

"ఓలే తనూజా!" అని గట్టిగా పిలిచింది.

పిల్ల తిరగలేదు. ఒకసారి తన గొంతు మీద చెయ్యి వేసుకుని, మళ్ళీ తీసేసి, నడుస్తూనే ఉంది.